ఐదు వేల నలభై కోట్ల పద్దు

సైబరాబాద్ జమా ఖర్చుల చరిత్ర – 9వ భాగం

గత సంచికలో మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్ లేచిన వైనం చెప్పుకున్నాం. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి ఆ భవనాన్ని ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చి హైటెక్ సిటీలో ప్రసంగించి వెళ్లారు. ఆ రోజుల్లో హైదరాబాద్ తన సొంత బిడ్డ అని చెప్పుకున్న కంపెనీ ఒకటుంది. వేరే ఊరి నుంచి వచ్చి ఇక్కడ శాఖ తెరిచిన సంస్థ కాదది. ఇక్కడే పుట్టి, ఇక్కడి నుంచే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి దాకా నడిచింది. అదే సత్యం కంప్యూటర్ సర్వీసెస్. ఈ భాగమంతా దాని గురించే.

నేరకథగా దీన్ని చాలామంది రాశారు. నాకు ముఖ్యమనిపించేది వేరు. కామర్స్ విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్చుకునే పాఠాలున్నాయి కదా, జంటపద్దు, ఆస్తి అప్పుల పట్టీ, రుణగ్రస్తులు, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక. పరీక్ష కాగానే మరిచిపోయే ఈ పాఠాలే యాభై వేలమందికి జీతాలిచ్చిన కంపెనీ బతుకును తేల్చాయి. ఒక్కో అంకె పట్టుకుని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

వ్యవస్థాపకుడు బైర్రాజు రామలింగరాజు 1954లో పుట్టారు. వాళ్లది భీమవరం దగ్గర గరగపర్రు. విజయవాడ ఆంధ్రా లయోలా కాలేజీలో చదివింది బీకాం, తర్వాత అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ. వేరే వ్యాపారాలు చేసి చూశాక 1987లో సికింద్రాబాద్‌లో ఇరవై మంది సిబ్బందితో సత్యం మొదలైంది. 1991లో ట్రాక్టర్లు తయారుచేసే అమెరికా సంస్థ జాన్ డీర్ పని దొరికింది. ఆ తర్వాత షేర్లు బొంబాయి మార్కెట్‌కు ఎక్కాయి. 1999లో అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే నాస్‌డాక్‌లో, 2001లో మాతృసంస్థ న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో నమోదయ్యాయి. 2006లో వార్షికాదాయం వంద కోట్ల డాలర్లు దాటింది, 2008లో రెండు వందల కోట్లు దాటింది. మాదాపూర్ ఇన్ఫోసిటీలో దాని ప్రాంగణం చూపించి, అలాంటిచోట ఉద్యోగం రావాలని పిల్లలకు చెప్పిన తల్లిదండ్రులు రెండు గోదావరి జిల్లాల్లోనే వేలమంది ఉంటారు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ వెనక కూడా రాజు కుటుంబమే ఉంది. ఆ సేవ ఎన్ని ప్రాణాలు కాపాడిందో మన రెండు రాష్ట్రాల్లో ఎవరినడిగినా చెబుతారు.

అంత అభిమానం ఉన్నచోట 2009 జనవరి 7 ఉదయం ఒక ఉత్తరం బయటికొచ్చింది.

ఉత్తరంలోని అంకెలు

రామలింగరాజు తన కంపెనీ డైరెక్టర్ల బోర్డుకు రాసి, సెబీకీ స్టాక్ ఎక్స్ఛేంజీలకూ ప్రతులు పంపిన ఉత్తరమది. పులి మీద స్వారీ చేశానని, ఎలా దిగాలో తెలియలేదని అందులో రాసుకున్నారు. జనానికి ఆ మాటే గుర్తుండిపోయింది. విద్యార్థికి పనికొచ్చేది దానికి ముందున్న అంకెల భాగం. 2008 సెప్టెంబర్ 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో ఏవి అబద్ధాలో అందులో నాలుగు వరుసల్లో ఒప్పుకున్నారు.

నగదు, బ్యాంకు నిల్వలు పుస్తకాల్లో 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేవు. ఆ లేని నిల్వల మీద రావలసిన వడ్డీ అంటూ చూపిన 376 కోట్లు కూడా లేవు. ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలు 2,651 కోట్లని చూపారు, అందులో 490 కోట్లు ఎక్కువ. బయటి నుంచి తాను సర్దుబాటు చేసిన 1,230 కోట్ల అప్పును అసలు చూపనేలేదు.

పెన్ను పట్టుకుని కూడండి. మొదటి మూడూ ఆస్తుల వైపు లేనివి ఉన్నట్టు రాసినవి, మొత్తం 5,906 కోట్లు. నాలుగోది అప్పుల వైపు ఉన్నది లేనట్టు దాచినది. రెండు వైపులా కలిపితే 7,136 కోట్లు. ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే యజమానులకు మిగిలేదే వాటాదారుల నిధి అని మొదటి పాఠంలోనే చెబుతారు. ఆస్తి ఉబ్బినా అప్పు దాగినా ఫలితం అదే నిధిలో తేలుతుంది. సత్యం పుస్తకాల్లో మిగులు నిధులు 8,392 కోట్లు. అందులోంచి 7,136 కోట్లు తీసేస్తే 1,256 కోట్లు మిగులుతాయి. ఇరవై ఏళ్ల కష్టం మిగిల్చినట్టు చూపిన ప్రతి వంద రూపాయల్లో, ఆ ఉత్తరం ప్రకారమే, నిలబడేది పదిహేను రూపాయలు.

ఆ రోజు బొంబాయి ఎక్స్ఛేంజిలో 179 రూపాయల దగ్గరున్న షేరు 40 రూపాయల దిగువన ముగిసింది. సెన్సెక్స్ దాదాపు 750 పాయింట్లు పడింది.

588 రెండుసార్లు ఎందుకొచ్చింది

ఆ ఉత్తరంలోనే జూలై–సెప్టెంబర్ త్రైమాసికం లెక్క కూడా ఉంది. కామర్స్ తరగతి గదుల్లో బోర్డు మీద రాసిపెట్టదగిన లెక్క అది. ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిజం 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, నిజం 61 కోట్లు. ఆదాయాల తేడా 588. లాభాల తేడా కూడా సరిగ్గా 588.

ఇది యాదృచ్ఛికం కాదు. నిజంగా ఒక రూపాయి ఆదాయం పెరిగితే దాని వెనక ఖర్చు కూడా పెరుగుతుంది. ఇంజనీరు జీతం, విమానం టిక్కెట్టు, అమెరికాలో అద్దె కట్టాలి. నూటికి డెబ్భై, ఎనభై రూపాయలు అలా పోగా మిగిలిందే లాభం. జరగని పనికి బిల్లు రాస్తే ఖర్చుండదు కాబట్టి రాసిన రూపాయి రాసినట్టే లాభంలోకి దిగుతుంది. నూటికి మూడు రూపాయలు మిగులుతున్న వ్యాపారం నూటికి ఇరవై నాలుగు మిగులుతున్నట్టు కనబడింది ఇలాగే.

ఒక చిన్న కిరాణా కొట్టు యజమాని అమ్మని బియ్యాన్ని అమ్మినట్టు చిట్టాలో వెయ్యి రూపాయలు రాసుకున్నాడనుకుందాం. జంటపద్దు విధానంలో ప్రతి పద్దుకూ రెండో కాలు ఉండాలి. ఆ వెయ్యి గల్లాపెట్టెలో ఉండాలి, లేదంటే ఎవరి పేరునో బాకీగా ఉండాలి. పైగా అమ్మినట్టు రాసిన బియ్యం బస్తాలోనే ఉంటుంది కాబట్టి సరుకు లెక్క చూసినవాడికి దొరికిపోతాడు. సాఫ్ట్‌వేర్ సేవల వ్యాపారానికి ఆ మూడో సాక్షి లేదు. గోదాములు లేవు, బస్తాలు లేవు. అమ్మేది మనుషుల పనిగంటలు. హైటెక్ సిటీ ఎదిగిన కొత్త తరహా వ్యాపారంలోనే ఈ వెసులుబాటు ఉంది. దాన్ని ఆ కాలపు పర్యవేక్షకులు గ్రహించలేదనే నా అభిప్రాయం.

అయినా రెండో కాలు మాత్రం తప్పదు. సత్యంలో దొంగ ఆదాయానికి రెండో కాలు మొదట రుణగ్రస్తుల ఖాతాలో పడింది. సీబీఐ దర్యాప్తులో 7,561 బోగస్ ఇన్‌వాయిస్‌లు తేలాయి. ఇన్‌వాయిస్‌లు తయారుచేసే కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రత్యేక అధికారాలున్న లాగిన్‌తో వెళ్లి వాటిని పుట్టించారని, ఆయా ఖాతాదారుల పని చూసే విభాగాల వాళ్లకు అవి కనబడకుండా దాచారని అభియోగం. అంటే రాత్రింబవళ్లు పనిచేసిన ప్రాజెక్టు మేనేజర్‌కు తన ఖాతాదారు పేరున ఇంకో బిల్లు ఉందని తెలిసే దారి లేదు. ఆ కంపెనీలో పనిచేసిన వేలమందిని తర్వాత సమాజం ఎన్నో మాటలంది. వాళ్ల నిర్దోషిత్వానికి ఈ ఒక్క వివరం చాలు.

బాకీని నగదుగా ఎందుకు మార్చారు

దొంగ బాకీలను అలాగే ఉంచేయవచ్చు కదా, బ్యాంకు నిల్వగా మార్చి ఇంకో అబద్ధం తలకెత్తుకోవడం దేనికి? ఈ ప్రశ్న అడిగిన విద్యార్థికి నిష్పత్తుల విశ్లేషణ అర్థమైనట్టే.

బాకీలు ఎన్ని రోజుల్లో వసూలవుతున్నాయన్నది బయటివాళ్లు మొదట చూసే లెక్క. త్రైమాసికానికి 2,700 కోట్ల అమ్మకాలు, 2,651 కోట్ల బాకీలు అంటే సుమారు ఎనభై ఎనిమిది రోజులు. అమెరికా ఖాతాదారులతో పనిచేసే కంపెనీకి అది ఎవరూ ఆశ్చర్యపడని అంకె. నిజం అంకెలు పెట్టి చూడండి. 2,112 కోట్ల అమ్మకాలు, 2,161 కోట్ల బాకీలు, సుమారు తొంభై రెండు రోజులు. తేడా లేనట్టే. అబద్ధం వైపు నుంచి చూసినా నిజం వైపు నుంచి చూసినా ఆ నిష్పత్తి ఒకేలా ఉంది. ఇప్పుడు లేని 5,040 కోట్లను కూడా బాకీల్లోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టండి. బాకీలు 7,691 కోట్లయ్యేవి, ఎనిమిదిన్నర నెలల అమ్మకాలంత. అలాంటి అంకె కనబడితే మొదటి ఏడాదే పెట్టుబడిదారులు ప్రశ్నలు వేసేవాళ్లు. అందుకే దొంగ బాకీని దొంగగా వసూలు చేసి బ్యాంకు డిపాజిట్టుగా చూపారు. బాకీ ఎవరికైనా అనుమానం పుట్టించవచ్చు. నగదు మాత్రం ఎవరికీ అనుమానం రానివ్వదు. ఆస్తులన్నిటిలోకీ గట్టిది నగదు అని మనం పాఠాల్లో చెబుతాం కదా, ఆ నమ్మకంలోనే దాక్కున్నారు.

నగదులో దాక్కున్న అబద్ధం తన ఖర్చు తాను అడుగుతుంది. ఐదు వేల కోట్ల డిపాజిట్లుంటే వడ్డీ రావాలి. రాలేదు కనుక అది కూడా కాగితం మీదే పుట్టాలి. 376 కోట్ల రావలసిన వడ్డీ అలా వచ్చింది. కాగితం మీది ఆదాయానికి ఆదాయపన్ను మాత్రం నిజం డబ్బుతో కట్టాలి. లేని ఆదాయం మీద పోయిన పన్ను సంగతి తేల్చమని తర్వాతి యాజమాన్యం ఆదాయపన్ను శాఖతో ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

దాచిన 1,230 కోట్ల అప్పు మర్మం కూడా ఇక్కడే ఉంది. కంపెనీ నడవడానికి నిజం డబ్బు కావాలి, ప్రమోటర్ల షేర్లు తాకట్టు పెట్టి తెచ్చామని ఉత్తరం చెబుతోంది. రాజు కుటుంబానికి సంబంధమున్న 37 కంపెనీలు ఆ సొమ్ము తమదని తర్వాత దావాలు వేశాయి. తెచ్చిన అప్పును పుస్తకంలో అప్పుగా రాస్తే ఏం పోయింది? బ్యాంకులో ఐదు వేల కోట్లు పెట్టుకున్నవాడు అప్పెందుకు చేశాడని అడుగుతారు. మొదటి అబద్ధం ఉన్నందువల్ల నిజమైన అప్పును కూడా నిజంగా రాసుకోలేని స్థితి వచ్చింది.

లాభనష్టాల ఖాతాకూ ఆస్తి అప్పుల పట్టీకీ ఉన్న తేడా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. సత్యం కథలో అది ప్రాణాల మీదికి వచ్చిన ప్రశ్న. లాభనష్టాల ఖాతా ఏడాది చివర మూసుకుపోయి కొత్త ఏడాది సున్నాతో మొదలవుతుంది. ఆస్తి అప్పుల పట్టీ మూతపడదు, ముగింపు నిల్వ మరుసటి ఏడాదికి ప్రారంభ నిల్వవుతుంది. ఒక ఏడాది పది కోట్లు ఎక్కువ చూపితే మరుసటి ఏడాది మామూలుగా ఉండాలన్నా మళ్లీ పది కోట్లు ఎక్కువ చూపాలి. కంపెనీ పెరిగితే ఇంకా ఎక్కువ చూపాలి. మొదట్లో చిన్నదిగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందని ఆయన రాసింది దీన్నే. ఒక్క త్రైమాసికంలో 588 కోట్లు చేర్చవలసి వచ్చిందంటే, 2008 నాటికి రోజుకు ఆరు కోట్లకు పైగా లేని సొమ్ము పుట్టించాల్సి వచ్చేది.

ఎందుకు ఆగలేదన్నదానికి ఉత్తరం చెప్పిన కారణం ఒకటే. ప్రమోటర్ల వాటా బాగా తక్కువ, ఫలితాలు తగ్గితే కంపెనీ ఇతరుల చేతుల్లోకి పోతుందని భయం. దీనికి తాకట్టు కూడా తోడైంది. తాకట్టు పెట్టిన షేరు ధర పడిపోతే అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లు అమ్ముకుంటారు. 2008 డిసెంబర్‌లో అదే జరిగింది.

ఉత్తరంలోని ప్రతి అంకెనూ పూర్తి నిజంగా తీసుకోకూడదని కూడా ఇక్కడ చెప్పాలి. ఇన్ఫోసిస్, టీసీఎస్ లాంటి సంస్థలకు అదే పనిలో పాతిక శాతం దగ్గర మిగులుతుంటే సత్యానికి మూడు శాతమే మిగిలిందంటే నమ్మేదెలా అని విశ్లేషకులు అప్పుడే అడిగారు. లాభం వచ్చి పక్కకు మళ్లిందా, అసలు రానే లేదా అన్న ప్రశ్న న్యాయంగా అడగవలసిందే. తన తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఒక పత్రం ఆడిట్ నివేదికతో సమానం కాదు.

రుజువు చేయడానికి అతి తేలికైన పద్దు

ఆస్తి అప్పుల పట్టీలో కొన్ని అంకెలకు అంచనా కావాలి. యంత్రానికి తరుగుదల ఎంత, ఏ బాకీ వసూలవుతుంది, భూమి విలువ ఎంత అన్నచోట ఇద్దరు నిజాయితీపరులు కూడా వేర్వేరు జవాబులివ్వవచ్చు. బ్యాంకు నిల్వ అలాంటిది కాదు. బ్యాంకును అడిగితే ఒకే జవాబొస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలతో పేజీలకు పేజీలు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికలు ఎందుకు చేయిస్తారంటే, కంపెనీ పుస్తకానికీ బయటివాడి పుస్తకానికీ ముఖాముఖి జరిగే చోటు అదొక్కటే కాబట్టి.

ఆడిటింగ్‌లో దీనికి పాతకాలపు నియమం ఉంది. ఆడిటరు నేరుగా బ్యాంకుకు రాయాలి, బ్యాంకు జవాబు నేరుగా ఆడిటరుకే రావాలి. మధ్యలో కంపెనీ చేయి తగలకూడదు. సత్యానికి 2000 నుంచి ఆడిటరు ప్రైస్ వాటర్‌హౌస్. నిర్ధారణ పత్రాల ప్రక్రియను ఆ సంస్థ భారత విభాగాలు తమ చేతుల్లో ఉంచుకోకుండా కంపెనీ యాజమాన్యానికే వదిలేశాయని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో నిర్ధారించింది. కమిషన్‌కు 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిట్ పర్యవేక్షణ బోర్డుకు 15 లక్షల డాలర్లు జరిమానా పడింది. ఇక్కడ సెబీ 2018 జనవరిలో ఆ సంస్థలను రెండేళ్లపాటు లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేయకుండా నిషేధించింది. 2019లో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. చట్టపరంగా బాధ్యత ఎంతన్నది న్యాయస్థానాలు తేల్చే విషయం. వృత్తిపరంగా నా తీర్పు మాత్రం మారదు. నూటికి తొంభై నాలుగు రూపాయలు లేని బ్యాంకు నిల్వ ఏళ్ల తరబడి సంతకం దాటిపోయిందంటే, కఠినమైన పరీక్ష తప్పినందువల్ల కాదు, అతి సులువైనది చేయనందువల్ల.

బోర్డు సంగతీ అంతే. పేరున్న ఆచార్యులు, మాజీ అధికారులు అందులో కూర్చున్నారు. 2008 సెప్టెంబర్‌లో కంపెనీకి ఉత్తమ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది, నాలుగు నెలలకే వెనక్కి తీసుకున్నారు. అవార్డు ఇచ్చినవాళ్లు చూసింది కమిటీలు, నివేదికలు, నియమావళి. ఏదీ బ్యాంకు నిల్వ కాదు.

చివరి ప్రయత్నం 2008 డిసెంబర్ 16న జరిగింది. రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్ని, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు సత్యం కొనడానికి బోర్డు ఒప్పుకుంది. పద్దుల భాషలో చూస్తే ఎత్తుగడ అర్థమవుతుంది. లేని నగదును చెల్లించినట్టు రాస్తే ఆ వరుస తగ్గిపోతుంది. దాని స్థానంలో భూములు, రోడ్లు, కాంట్రాక్టులున్న నిజమైన కంపెనీలు ఆస్తిగా చేరతాయి. అమ్మేవాళ్లు సొంతవాళ్లే గనుక డబ్బు వెంటనే అందకపోయినా అడగరు. లేని ఆస్తుల స్థానంలో నిజమైనవి పెట్టే ఆఖరి ప్రయత్నమని ఉత్తరంలోనే ఉంది. బయటి పెట్టుబడిదారులకు ఈ రహస్యం తెలియదు. వాళ్లకు కనబడింది సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో కుటుంబం భూముల వ్యాపారం కొనడం. న్యూయార్క్‌లో సత్యం షేర్లు ఒక్కరోజులో సగానికి పైగా పడ్డాయి. కొన్ని గంటల్లోనే ఒప్పందం రద్దయింది. వారం తిరగకముందే, ఎనిమిదేళ్లు తమ పనులు ఇవ్వకూడదని ప్రపంచబ్యాంకు విధించిన నిషేధం బయటపడింది. నెలాఖరుకు నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. ఆ తర్వాత వచ్చిందే జనవరి 7.

బాకీలే నిలబెట్టాయి

జనవరి 9న రామలింగరాజును, ఆయన సోదరుడు రామరాజును అరెస్టు చేశారు. కేంద్రప్రభుత్వం పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కర్ణిక్, సి.అచ్యుతన్‌లను నియమించింది. కొద్దిరోజులకు తరుణ్ దాస్, ఎస్.బి.మైనక్, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసిన టి.ఎన్.మనోహరన్ చేరారు. వాళ్ల ముందున్న లెక్క ఇది. నిజం నగదు 321 కోట్లు. త్రైమాసిక వ్యయం 2,051 కోట్లు, అంటే నెలకు సుమారు 680 కోట్లు. సెప్టెంబర్ నాటి అంకెల్లో చూసినా చేతిలో ఉన్నది రెండు వారాల ఖర్చు. ప్రకటించిన సిబ్బంది 53 వేలు. వాళ్లలో చాలామంది మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అద్దె ఇళ్లలో ఉంటూ వాయిదాలు కట్టుకునే మధ్యతరగతి వాళ్లు.

నిర్వహణ మూలధనం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ మూడు నెలలు చదవాలి. నగదు లేదు, కానీ 2,161 కోట్ల నిజమైన బాకీలున్నాయి. పనిచేసినవాళ్లు నిజం, ఖాతాదారులు నిజం, బిల్లుల్లో అత్యధికం నిజం. కొత్త బోర్డు బాకీల వసూలు మీద పడింది. ఖాతాదారులను వెళ్లిపోవద్దని బతిమాలింది. బ్యాంకుల నుంచి 600 కోట్ల అప్పు సాధించింది. జీతాలు ఆగలేదు. వ్యాపారానికి లాభం ఎంత ముఖ్యమో సకాలంలో చేతికొచ్చే నగదు అంతకంటే ముఖ్యమని పుస్తకాల్లో రాసేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన నేల మీద నాకు కనబడలేదు. ఈ పనికి గాను మనోహరన్‌కు మరుసటి ఏడాది పద్మశ్రీ ఇచ్చారు. న్యాయమైన గౌరవం.

ఏప్రిల్ 13న వేలం ముగిసింది. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసలు పలికాయి. 31 శాతం వాటాకు టెక్ మహీంద్రా ఇచ్చిన 1,757 కోట్లు పాత వాటాదారుల జేబులోకి పోలేదు. కొత్త షేర్లు జారీచేశారు గనుక నేరుగా కంపెనీ ఖాతాలోకి వచ్చాయి. ఉన్న షేరు చేతులు మారడానికీ కొత్త షేరు పుట్టడానికీ తేడా తెలియక తికమకపడే విద్యార్థులు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. 2010 సెప్టెంబర్ 29న సరిచేసిన ఖాతాలు వచ్చాయి. 2008–09 సంవత్సరానికి నష్టం ఎనిమిది వేల కోట్లు దాటింది. ఏళ్ల తరబడి పేరుకున్న అబద్ధమంతా ఒక్క ఏడాది ఖాతాలో రద్దయింది. 2013 జూన్‌లో కంపెనీ టెక్ మహీంద్రాలో విలీనమైంది.

కోర్టు సంగతులు క్లుప్తంగా చెబుతాను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజు, రామరాజు, అప్పటి ఆర్థిక ప్రధానాధికారి వడ్లమాని శ్రీనివాస్, ఇద్దరు ఆడిటర్లతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. మే 11న సెషన్స్ కోర్టు శిక్ష అమలు నిలిపి బెయిల్ ఇచ్చింది.

చట్టాలూ మారాయి. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు ప్రకటించాలని ఆ జనవరిలోనే సెబీ నిర్ణయించింది. లిస్టెడ్ కంపెనీకి ఒకే ఆడిట్ సంస్థ ఐదేళ్ల చొప్పున రెండు విడతలకు మించి ఉండరాదని 2013 కంపెనీల చట్టం చెప్పింది. ఆడిటర్ల మీద నిఘాకు 2018లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఏర్పడింది. ఈ మూడూ అవసరమైనవే. అయితే అవి పనిచేయాలంటే అంకెలు చదివేవాళ్లుండాలి.

కాబట్టి కామర్స్ విద్యార్థులకు నా విన్నపం. మీకు తెలిసిన ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక తెచ్చుకోండి, అవి ఉచితంగానే దొరుకుతాయి. అధ్యక్షుడి సందేశం, రంగుల బొమ్మలు తర్వాత చూడవచ్చు. ముందు బ్యాంకు నిల్వల వరుస తీసి, పక్కన ఆ ఏడాది వచ్చిన వడ్డీ రాసి భాగించండి. వచ్చిన శాతం బ్యాంకులిచ్చే వడ్డీకి దగ్గరగా ఉందో లేదో చూడండి. బోలెడు నగదు పెట్టుకుని అప్పులు చేస్తుంటే ఎందుకో నోట్సులో వెతకండి. జవాబు దొరక్కపోతే మీ లెక్చరర్‌ను అడగండి.

(వచ్చే సంచికలో: 2008లో మేటాస్ ఇన్‌ఫ్రా, ప్రభుత్వానికే ఎదురు 30,311 కోట్లు ఇస్తామని గెలుచుకున్న హైదరాబాద్ మెట్రో టెండరు, దాని వెనక లెక్కలు)